పిడుదు కాటు, నల్ల చెక్కు, ఆగిన రక్తం: జ్వరం వచ్చినప్పుడు మన ఒంటిని మనం చూసుకుందాం

(పామిడిముక్కల మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా లెక్కలు విన్నారు. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బాకీ ఎంత అన్నీ చదివారు. ఆ లెక్కల్లో గేదెల కోసం తీసుకున్న అప్పు కూడా ఒక పద్దు. మా మాట ఆ పద్దు దగ్గర మొదలుపెడతాం. అప్పు తెచ్చి గేదెను కొన్నాక, దానికి పచ్చగడ్డి కోసేది ఎవరు? చావిడి ఊడ్చేది ఎవరు? చెవుల్లో, పొదుగు పక్కన, తోక కింద పట్టిన పిడుదుల్ని ఏరేది ఎవరు? మనమే. వీరంకిలాకులో అయినా, మంటాడలో అయినా, తాడంకిలో అయినా ఆ పని చేసేవి ఆడవాళ్ల చేతులే. ఈ పూట ఆ చేతుల గురించి, ఆ వేళ్ల గురించి మాట్లాడుకుందాం.

పోయిన నవంబరు, డిసెంబరు నెలల్లో, అంటే 2025 చివర్లో, స్క్రబ్ టైఫస్ అనే మాట పేపర్లలో, టీవీల్లో రోజూ వినపడింది. విజయనగరం వైపు నుంచి వచ్చిన వార్తలు విని మన ఊళ్లలో కూడా చాలామంది భయపడ్డారు. కొందరు ఇది కొత్త జబ్బన్నారు. కొందరు అంటువ్యాధి అన్నారు. ఆ రెండూ కాదు. దీని సంగతి డాక్టర్లకు ఎప్పుడో తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో ఉన్న సైనికుల్ని ఇది ఎంతోమందిని పొట్టన పెట్టుకుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. జ్వరం వచ్చిన మనిషి పక్కన కూర్చోవచ్చు, కంచం కడగవచ్చు, పసిబిడ్డను ఎత్తుకోవచ్చు. కాబట్టి ముందు ఆ భయం తీసి పక్కన పెట్టండి. భయపడవలసింది ఇంకొకటి ఉంది. అది ఆలస్యం.

కుట్టేవి రెండు, చేసే చెడు ఒకటే

ఇక్కడ రెండు పురుగుల్ని వేరుచేసి చెప్పాలి. ఒకటి మనకు బాగా తెలిసిన పిడుదు. కొందరం గోమారు అంటాం. గొడ్ల మీద, కుక్కల మీద ఉంటుంది. రక్తం తాగి ఆముదపు గింజంత అవుతుంది. దీని కాటు వల్ల వచ్చే జ్వరాన్ని డాక్టర్లు మచ్చల జ్వరం, టిక్ టైఫస్ అంటారు. ముఖ్యంగా కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు ఈ జ్వరాన్ని మోస్తుంది.

రెండోది పిడుదుకు చుట్టం లాంటిదే కానీ కంటికి దాదాపు ఆనదు. నల్లిని పోలిన పురుగు అని పేపర్లలో రాశారు చూడండి, అదే. గడ్డిలో, పొదల్లో, పొలం గట్ల మీద, ఎలుకలు తిరిగే చోట ఉంటుంది. దాని పిల్ల పురుగు మనిషి ఒంటి మీదికి ఎక్కి కుడుతుంది. స్క్రబ్ టైఫస్ దీనివల్లే వస్తుంది. ఆ జ్వరం క్రిమికి జపాను మాటతోనే పేరు పెట్టారు. ఆ మాటకు ప్రమాదకరమైన పురుగు అని అర్థం.

పురుగులు రెండైనా, జ్వరాలు రెండైనా అవి ఒకే కుటుంబానివి. రెండూ ఒంట్లో చేసే చెడు ఒకే రకం. రెండింటికీ మొదటి మందు కూడా ఒకటే. అందుకే కలిపి చెబుతున్నాం.

రెండు కాట్లూ పెద్దగా నొప్పి పెట్టవు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. అవనిగడ్డ ఆసుపత్రి నిండిపోయింది. మోపిదేవిలో సర్పయాగం కూడా చేశారు. పాము కుడితే మనిషికి తెలుస్తుంది, ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారు. ఈ పురుగు కుడితే కుట్టినట్టే తెలియదు. జ్వరం వచ్చేది వారానికో, పది రోజులకో, ఒక్కోసారి ఇరవై రోజులకో. ఆనాటికి ఏ గట్టు మీద కూర్చున్నామో, ఏ గడ్డి మోపు నెత్తిన పెట్టుకున్నామో ఎవరికి గుర్తుంటుంది?

శివారు పొలానికి నీరు అందనట్టు

ఈ జ్వరం రక్తాన్ని ఎలా దెబ్బతీస్తుందో మన కాలువలతో పోల్చి చెబుతాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పెద్ద కాలువల్లో పారి, పిల్ల కాలువల్లోకి, అక్కడి నుంచి బోదెల్లోకి, చివరికి మడిలోకి వస్తుంది. మన ఒంట్లోనూ అంతే. గుండె నుంచి పెద్ద రక్తనాళాలు బయలుదేరి, చీలి చీలి, చివరికి వెంట్రుక కంటే సన్నమైన బోదెలవుతాయి. కండకు, చర్మానికి, వేళ్ల కొసలకు తిండీ గాలీ అందించేవి ఆ సన్న బోదెలే.

ఈ క్రిమి వెళ్లి కాపురం పెట్టేది సరిగ్గా ఆ బోదెల లోపలి గోడల్లో. గోడ దెబ్బతింటే రెండు జరుగుతాయి. ఒకటి, గట్టు కారినట్టు రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది. ముఖం, కాళ్లు ఉబ్బుతాయి. బీపీ పడిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. మూత్రం తగ్గుతుంది. రెండు, దెబ్బతిన్న చోట రక్తం చిన్న చిన్న గడ్డలు కట్టి, పూడిక తీయని బోదెలాగా దారి మూసుకుపోతుంది.

దారి మూసుకుపోతే ముందు ఎండేది ఏ పొలం? శివారు పొలం. ఆ సంగతి నాగాయలంక, కోడూరు వైపు రైతుల్ని అడిగితే చెబుతారు. ఒంట్లో శివారు పొలాలు కాలి వేళ్లు, చేతి వేళ్లు, చెవి అంచులు, ముక్కు కొస. జబ్బు బాగా ముదిరిన కొందరిలో ఇవి ముందు చల్లబడతాయి, నీలంగా మారతాయి, తర్వాత నల్లబడతాయి. దీన్నే గాంగ్రీన్ అంటారు. అంటే ఆ కండ చచ్చిపోయిందన్నమాట. మచ్చల జ్వరంలో ఇది జరగడం మన దక్షిణాదిలోనే డాక్టర్లు చూశారు, వైద్య పత్రికల్లో రాశారు. అందరికీ అంత దూరం పోదు. కానీ పోయినవాళ్లకు వేలు తిరిగి రాదు. మందు క్రిమిని చంపగలదు గానీ చచ్చిన కండను బతికించలేదు. ఆడదానికి వేళ్లు పోవడమంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. పాలు తీయాలన్నా, నారు పీకాలన్నా, మినుము పీకాలన్నా, పిల్లకు జడ వేయాలన్నా ఆ వేళ్లే కావాలి.

మచ్చ ఎక్కడుంటుంది?

స్క్రబ్ టైఫస్‌లో పురుగు కుట్టిన చోట చాలామందికి ఒక గుర్తు మిగులుతుంది. ముందు చిన్న పొక్కులా లేచి, తర్వాత నల్లటి చెక్కు కడుతుంది. చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. చుట్టతో కాల్చిన మచ్చలా ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. ఆ మచ్చ కూడా చచ్చిన కండే. జబ్బు లోపల చేయబోయే పనికి అది బయట కనపడే నమూనా. డాక్టరు ఆ ఒక్క మచ్చ చూస్తే చాలు, పరీక్ష ఫలితం రాకముందే జబ్బును చాలావరకు పోల్చుకోగలడు.

అయితే ఆ పురుగు కుట్టడానికి వెతుక్కునేది మెత్తగా, చెమటగా, బట్ట బిగుతుగా ఉండే చోటు. చంకలో, రొమ్ముల కింద, నడుం దగ్గర లంగా బొందు కట్టుకునే చోట, గజ్జల్లో, మోకాలి వెనక, చెవి వెనక, జుట్టు మొదట్లో. ఆ జాబితా మళ్లీ ఒకసారి మనసులో చదువుకోండి. అందులో సగం చోట్లు మనం అద్దంలో కూడా చూసుకోం. మిగతా సగం ఎవరికీ చూపించం.

ఇదీ అసలు సంగతి. ఆడవాళ్లలో ఈ జబ్బు దాక్కునేది మన సిగ్గు వెనక. జ్వరమని వెళతాం. చీర కొంగు భుజం నిండా కప్పుకుని కుర్చీలో కూర్చుంటాం. నాలుక చూస్తారు, నాడి చూస్తారు. ఒక బిళ్ల, ఒక ఇంజక్షను, ఒక సెలైను సీసా. ఇంటికొస్తాం. నడుం దగ్గర మచ్చ అలాగే ఉంటుంది. అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లు లేరు.

కాబట్టి జ్వరం మూడో రోజుకు కూడా తగ్గకపోతే ఒక పని చేయండి. తలుపు వేసుకుని, మంచి వెలుతురులో, కూతురితోనో, కోడలితోనో, తోటికోడలితోనో ఒళ్లంతా చూపించుకోండి. వీపు, చంకలు, జుట్టులో, మడతల్లో. అత్తకు జ్వరమొస్తే కోడలు చూడాలి, కోడలికొస్తే అత్త చూడాలి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. పురిటిలో చూసుకున్న చేతులే కదా! మచ్చ కనపడితే ఆసుపత్రిలో ఆ చోటు పేరు చెప్పి, ఆడ నర్సుకైనా చూపించండి. మచ్చ కనపడకపోయినా ఈ జబ్బు కాదని కొట్టిపారేయవద్దు. అందరికీ మచ్చ ఉండదు.

మచ్చల జ్వరంలో నల్ల చెక్కు కంటే ఒళ్లంతా లేచే ఎర్రటి మచ్చలు ముఖ్యం. మన ఒంటి రంగు మీద అవి సరిగ్గా కనపడవు. అందుకని అరచేతులు, అరికాళ్లు చూడండి. చాలా జ్వరాల్లో అక్కడ మచ్చలు రావు, ఇందులో వస్తాయి. ఇక్కడా ఒక చిక్కుంది. అట్లతద్దికి పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో ఉంటుంది. కాళ్లకు పసుపు ఉంటుంది. వాటి కింద మచ్చ దాగిపోతుంది. జ్వరమప్పుడు కాళ్లు సబ్బుతో కడుక్కుని చూసుకోండి. గాజు గ్లాసు మచ్చ మీద నొక్కి చూస్తే మామూలు ఎరుపు చెరిగిపోతుంది. చెరగని మచ్చ అయితే రక్తం నాళం లోంచి బయటికి వచ్చిందని అర్థం. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

మందు చవకే, రోజులే ఖరీదు

ఈ రెండు జ్వరాలకూ మొదటి మందు డాక్సీసైక్లిన్. అరుదైనది కాదు, ఖరీదైనది కాదు. పెద్దవాళ్లకు సాధారణంగా 100 మిల్లీగ్రాముల మోతాదు రోజుకు రెండుసార్లు రాస్తారు. ఎన్ని రోజులో డాక్టరు చెబుతారు. అన్నం తిన్నాక, గ్లాసెడు నీళ్లతో మింగాలి, మింగిన వెంటనే పడుకోకూడదు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. కాబట్టి కడుపుతో ఉన్న సంగతి, నెల తప్పిన సంగతి ముందే చెప్పాలి. పిల్లలకు బరువును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. మేం మందు పేరు చెబుతున్నది షాపుకెళ్లి కొనుక్కోమని కాదు. డాక్టరు రాసిన చీటీలో ఏముందో మీకు తెలియాలని.

ఇంకో మాట కూడా తెలియాలి. మామూలు జ్వరాలకు, చీముగడ్డలకు వాడే పెన్సిలిన్ జాతి మందులు, సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి ఇంజక్షన్లు ఈ క్రిమి మీద పనిచేయవు. రోజుకు రెండు సూదులు చొప్పున ఐదు రోజులు పొడిచినా ఆ క్రిమి రక్తనాళం గోడలో హాయిగా కూర్చుంటుంది. నొప్పి బిళ్ల వేస్తే జ్వరం కాసేపు దిగుతుంది, మనకు తగ్గినట్టనిపిస్తుంది, మళ్లీ గడ్డికి పోతాం. అలా పోయేవి మామూలు రోజులు కావు. బోదెలు మూసుకుపోయే రోజులు. అదే సరైన మందు సమయానికి పడితే రెండు రోజుల్లోనే జ్వరం దిగడం మొదలవుతుంది.

ఆలస్యానికి ధర ఎంతో రెండు లెక్కలు చెబుతాం. స్క్రబ్ టైఫస్ మీద పాత లెక్కలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చిందేమిటంటే, చికిత్స లేకపోతే సగటున నూటికి ఆరుగురు చనిపోతారు. చికిత్స అందితే నూటికి ఒకరు, ఇద్దరు. ఇది మొదటి లెక్క. రెండోది 2023లో వచ్చింది. వేలూరు సీఎంసీ ఆసుపత్రి ముందుండి, మన దేశంలో ఏడు ఆసుపత్రుల్లో, అప్పటికే జబ్బు ముదిరి వచ్చిన 794 మందికి మూడు విధాలుగా వైద్యం చేసి చూశారు. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కించినవాళ్లలో ఇబ్బందులు తగ్గాయి. కానీ ప్రాణనష్టంలో పెద్ద తేడా రాలేదు. మూడు గుంపుల్లోనూ ఇంచుమించు ఎనిమిదిమందిలో ఒకరు దక్కలేదు. పెద్దాసుపత్రులు, మంచి డాక్టర్లు, రెండు మందులు ఉండి కూడా! ముదిరిపోయాక వెళితే పెద్దాసుపత్రి కూడా కొంతవరకే చేయగలదు. పల్లెలో మూడో రోజున దొరికే బిళ్ల చేసే మేలు పట్నంలో పదో రోజున ఐసీయూ చేయలేదు.

డాక్టరు దగ్గర ఏం చెప్పాలి?

మన దగ్గర వానలు మొదలైన దగ్గర నుంచి పెద్ద పండగ దాకా జ్వరాల కాలమే. డెంగీ ఉంటుంది, టైఫాయిడ్ ఉంటుంది, మలేరియా ఉంటుంది, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరమూ ఉంటుంది. స్క్రబ్ టైఫస్‌లో కూడా తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు ఉంటాయి, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. డెంగీ అనుకోవడానికి అన్ని కారణాలూ ఉంటాయి. డాక్టరుకు దారి చూపేది మనం చెప్పే మాటే. ఈ నాలుగూ అడగకపోయినా చెప్పండి.

జ్వరం మొదలై ఎన్ని రోజులైంది. మూడు నాలుగు అని కాదు, ఏ వారం నుంచో లెక్కపెట్టి చెప్పండి.

గత మూడు వారాల్లో గడ్డి కోశామా, చెరుకులో, మినుములో పనికి పోయామా, గట్ల మీద కూర్చున్నామా.

ఇంట్లో గేదె, కుక్క ఉన్నాయా, పిడుదులు ఏరామా, ఒంటి మీద పిడుదు కనపడిందా.

ఒంటి మీద ఎక్కడైనా నల్ల చెక్కు, మచ్చ ఉందా.

రక్తపరీక్ష రాస్తారు. చేయించుకోండి. ఫలితం రావడానికి సమయం పట్టేటట్టయితే, అనుమానం గట్టిగా ఉన్నప్పుడు డాక్టర్లు ముందే మందు మొదలుపెడతారు. అది పద్ధతే. పరీక్ష రాకుండా మందు ఇచ్చారేమిటని అనుమానపడి మానేయవద్దు.

ఇక ఈ లక్షణాల్లో ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి: ఆయాసం, మత్తుగా పడి ఉండటం, పొంతన లేని మాటలు, మూత్రం బాగా తగ్గిపోవడం, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు కాళ్లు చల్లబడి నీలంగా మారడం, వేలి కొసలు నల్లబడటం.

వేలు నల్లబడినప్పుడు మన ఇళ్లలో చేసే పనులు కొన్ని ఉన్నాయి. చల్లగా ఉందని కుంపటి మీద కాపడం పెడతారు. వేడి ఇసుక మూట కడతారు. పసుపు, సున్నం పట్టించి బిగించి గుడ్డ చుడతారు. దయచేసి ఇవేవీ చేయవద్దు. రక్తం అందని వేలికి వేడి తెలియదు. కాలినా తెలియదు. గట్టిగా కట్టు కడితే వచ్చే కాస్త రక్తమూ ఆగిపోతుంది. పొడి శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసుకెళ్లండి. షుగరు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. వాళ్ల పాదాల్లో రక్తం ఆడటం ముందే తక్కువగా ఉంటుంది, స్పర్శ కూడా తక్కువ. ఆసుపత్రిలో నల్లబడిన వేలిని చూసి వెంటనే తీసేయకుండా కొన్నాళ్లు ఆగితే పట్టించుకోవడం లేదనుకోకండి. ఎంతవరకు బతికింది, ఎంతవరకు పోయింది అన్న గీత తేలేదాకా ఆగడం కూడా వైద్యమే. అలా ఆగితే కొన్నిసార్లు అనుకున్నదాని కంటే తక్కువే పోతుంది. చీము పట్టి, వాసన వస్తే మాత్రం ఆగరు.

పిడుదు కనపడితే

పొలం నుంచో, చావిడి నుంచో వచ్చాక స్నానం చేసేటప్పుడు ఒళ్లు చూసుకునే అలవాటు చేసుకుందాం. పిడుదు పట్టగానే జబ్బు ఎక్కదు. సాధారణంగా కొన్ని గంటలు అంటిపెట్టుకుని ఉంటేనే ఎక్కుతుంది. ఆ పూటే తీసేస్తే సగం గండం గడిచినట్టే.

తీయడానికి ముల్లు తీసే చిన్న పటకారు చాలు. పొట్టను కాదు, చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, నిదానంగా నిటారుగా లాగాలి. తర్వాత సబ్బుతో కడగాలి. కిరసనాయిలు పోయడం, అగరొత్తితో కాల్చడం, సున్నం రాయడం వద్దు. అలా చేస్తే అది ఊడకపోగా తన పొట్టలోది మన ఒంట్లోకి కక్కవచ్చు. ఆ తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. మూడు వారాల్లోపు జ్వరమొస్తే ఆ తేదీ డాక్టరుకు చెప్పవచ్చు.

గేదెల పిడుదుల్ని వట్టి వేళ్లతో పీకి, గోటితోనో రాయితోనో చిదమడం మనందరికీ అలవాటే. పిడుదు పొట్టలోది మన వేలి మీద ఉన్న చిన్న గాటులోంచి లోపలికి పోతుంది. 2011 జనవరిలో గుజరాత్‌లో అహ్మదాబాదు దగ్గర క్రిమియన్ కాంగో అనే రక్తస్రావపు జ్వరం మన దేశంలో మొదటిసారి బయటపడింది. వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా దానికి బలయ్యారు. అదీ పిడుదు మోసే జబ్బే. దాన్ని మోసే గొడ్డు పైకి ఆరోగ్యంగానే కనపడుతుంది. ఇది మన డెల్టా జబ్బని భయపెట్టడానికి చెప్పడం లేదు. పిడుదును చేత్తో చిదమకూడదన్న మాట ఊరికే రాలేదని చెబుతున్నాం. చేతులకు తొడుగులు వేసుకోండి. లేకపోతే ప్లాస్టిక్ కవరు చుట్టుకోండి. ఏరినవాటిని సబ్బునీళ్ల డబ్బాలో వేయండి.

ఏరడం కంటే మేలైన పని చావిడిని బాగుచేయడం. నెత్తురు తాగిన ఆడ పిడుదు గొడ్డు మీంచి కిందికి దిగి గోడ నెర్రెల్లో, గాటి కింద, పేడ పేరుకున్న మూలల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మనం గేదె మీద పది ఏరితే నెర్రెలో వెయ్యి పుడతాయి. నెర్రెలు పూడ్చి, గోడలకు సున్నం కొట్టి, చుట్టూ గడ్డి చెక్కాలి. గొడ్డు ఒంటికి పట్టించే మందు పశువైద్యశాలలో అడిగి, చెప్పిన కొలతలోనే కలపాలి. పాలు తీశాకే పట్టించాలి. పొలంలో కొట్టే పురుగుమందును గేదెకు పూయకూడదు. అది గేదెకూ విషమే, పూసే చేతికీ విషమే, పాలు తాగే పిల్లకూ విషమే. ఇంటి కుక్కకు కూడా పిడుదుల మందు వేయించండి.

కంటికి కనపడని రెండో పురుగు నుంచి కాపాడేది బట్ట, సబ్బు. గడ్డికి, కోతకు పోయేటప్పుడు చీర మీద మగవాళ్ల పాత పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాం కదా, మంచి అలవాటు. కాళ్లకు కూడా పాత ప్యాంటు, మేజోళ్లు ఉంటే ఇంకా మంచిది. అన్నం వేళ గట్టు మీద వట్టి నేలన కాకుండా గోతం పరుచుకుని కూర్చోండి. ఉతికిన బట్టలు పొదల మీద, గడ్డి మీద ఆరేయకండి. పని నుంచి రాగానే పసిబిడ్డను ఎత్తుకోకముందే స్నానం చేసి ఆ బట్టలు విడిచేయండి. ఇంటి చుట్టూ పొదలు, ఎలుకల బొరియలు లేకుండా చూసుకోండి.

ఈ సభ ముందు పెడుతున్న మూడు తీర్మానాలు

ఒకటి. ప్రతి సంఘం సమావేశంలో పొదుపు పుస్తకం తీసే ముందు ఒక్క ప్రశ్న అడగాలి: మూడు రోజులు దాటిన జ్వరం ఎవరింట్లోనైనా ఉందా? ఉంటే ఆ పేరు సమావేశంలో గట్టిగా చదవకుండా, ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్లి, ఒళ్లు చూసుకున్నారా అని అడిగి, ఆశా కార్యకర్తకు కబురు పెట్టి, ఆ రోజో మర్నాడో ప్రభుత్వాసుపత్రికి పంపాలి.

రెండు. ఆసుపత్రికి పోవడానికి ఆటో ఖర్చు లేక, మగమనిషి ఊళ్లో లేక ఆగిపోయే ఆడమనిషికి, గ్రామ సమాఖ్య తర్వాతి సమావేశం దాకా ఆగకుండా, ఇద్దరు ఆఫీసు బేరర్ల సంతకాలతో అదే రోజు చేబదులు ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో ప్రతి గ్రామ సమాఖ్య తనే నిర్ణయించుకోవాలి. పెద్దాసుపత్రికి పోవలసి వస్తే వైద్యసేవ కార్డు, ఆధారు ఒక కవరులో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచాలి.

మూడు. ఏటా తొలకరికి ముందు ఊరంతా ఒకే రోజు చావిళ్లు శుభ్రం చేసుకుని, పశువైద్యశాల సిబ్బందిని పిలిచి గొడ్లకు పిడుదుల మందు పట్టించాలి. ఒక చావిడిలో చేసి పక్క చావిడి వదిలేస్తే నెల తిరగకుండా మళ్లీ మొదటికొస్తుంది. గేదె అప్పు తీసుకున్న ప్రతి సభ్యురాలికీ ఒక జత చేతి తొడుగులు, ఒక పటకారు ఇవ్వడానికి మండల సమాఖ్య తన ఖర్చుల్లో ఒక పద్దు రాయాలని కోరుతున్నాం.

ఈ మూడింటికీ పెద్ద డబ్బు అక్కర్లేదు. కాస్త నోరు విప్పడం కావాలి. "జ్వరమే కదా, నాట్లు అయ్యాక చూద్దాం," "కోతలు అయ్యాక పోదాం," "పండగ వెళ్లనివ్వండి" అనే మాటలు మన నోటి వెంటే వస్తాయి. ఆ మాట మీ పక్కనున్న ఆమె అంటే ఒప్పుకోవద్దు. బాకీ కట్టని సభ్యురాలి ఇంటికి పదిమందీ కలిసి వెళ్లడం మనకు తెలుసు. మూడు రోజులుగా జ్వరంతో పడుకున్న సభ్యురాలి ఇంటికి ఇద్దరైనా వెళదాం.

తీర్మానాల కాగితం అధ్యక్షురాలి దగ్గరుంది. చదివించుకుని, అడగవలసినవి అడిగి, చేతులెత్తి ఆమోదించవలసిందిగా ఆరోగ్య ఉపసంఘం తరఫున కోరుతున్నాం.